జీరో గారి ఒకే ఒక్క తప్పు

ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద మాత్రమే ఉండేది. గుండెలోకి గొట్టం పంపి పరీక్షలు చేసే మా కాథ్‌ల్యాబ్‌లో అందరికీ ఆయన జీరో గారు. మొదట్లో అది వెనకాల నవ్వుకోవడానికి పెట్టిన పేరు. తర్వాత ఎదురుగానే అనడం మొదలైంది. చివరికి ఆయనే ఫోనెత్తి "జీరోని మాట్లాడుతున్నాను, చెప్పండి" అనేదాకా వచ్చింది. నేను నర్సుగా చేరిన మొదటి రోజే పెద్ద డాక్టరు ఆయన్ని చూపించి, "ఈయన చెప్పిన అంకె నేను చెప్పినట్టే. నేను చెప్పింది మాత్రం ఒకసారి ఈయన్ని అడిగి చెయ్యి" అన్నారు. ఆ మాటకు జీరో గారు కనీసం మొహమాటపడలేదు. నిజమే కదా అన్నట్టు తల ఊపారు.

మా గదిలో జరిగే పని చెప్పడానికి సులువే. తొడ దగ్గర నరంలోంచి సన్నని గొట్టం ఒకటి పైకి పంపుతారు. అది గుండె కుడి పక్క గదులు దాటి, ఊపిరితిత్తులకు వెళ్ళే దారి పట్టి, అక్కడొక చిన్న సందులో ఇరుక్కుంటుంది. దారి పొడవునా ఎక్కడ ఎంత ఒత్తిడి ఉందో కొలుస్తాం. ఆ తర్వాత సిరంజి నిండా చల్లటి సెలైన్ తోసి, అది గుండె దాటేసరికి ఎంత వెచ్చబడిందో చూసి, గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం పంపుతోందో లెక్క కడతాం. గొట్టం నిండా ఉప్పునీళ్ళుంటాయి. బయట ఉన్న కొసను అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బీకి తగిలిస్తాం. ఆ డబ్బీ బల్ల పక్కన విడిగా ఒక స్టాండు మీద ఉంటుంది. ఒత్తిడిని అలలుగా మార్చి తెర మీద చూపించేది అదే.

అసలు కిటుకంతా ఆ డబ్బీ ఎత్తులో ఉంది. తాపీమేస్త్రీలు గోడ మట్టం చూసుకునే నీళ్ళ పైపు లాంటిదే ఇదీను. డబ్బీ సరిగ్గా గుండె ఎత్తులో ఉండాలి. కిందికి దిగిందా, అంకె పెరుగుతుంది. పైకి పోయిందా, తగ్గుతుంది. మధ్యలో రోగి గుండె చేసిన నేరమేమీ లేదు. అందుకని ప్రతి కేసుకూ ముందు రోగి ఛాతీ మందం కొలిచి, అందులో సగం దగ్గర గీత పెట్టి, డబ్బీని ఆ గీత ఎత్తుకు తెచ్చి, దాన్ని గాలికి తెరిచి మీట నొక్కి, తెర మీద సున్నా చూపించేలా చేయాలి. దాన్నే జీరో చేయడం అంటాం. మిగతావాళ్ళు ఆ తతంగం అర నిమిషంలో కానిచ్చేవారు. ఈయనకు నాలుగు నిమిషాలు పట్టేది. వడ్రంగులు వాడే మట్టం బద్ద ఒకటి తెచ్చుకుని, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా అలమారలో తాళం వేసి ఉంచేవారు. మధ్యలో ఎవరైనా బల్లను అంగుళం కదిపితే చాలు, "బల్ల కదిలింది! మట్టం!" అని గావుకేక పెట్టేవారు. కునుకుపట్టిన రోగులు సైతం ఆ కేకకు ఉలిక్కిపడి లేచేవారు. గుండె వేగం ఎందుకు పెరిగిందా అని మేం తెర వైపు చూసేవాళ్ళం.

ఒకసారి ఆసుపత్రివాళ్ళు బల్లకే బిగించే కొత్త క్లాంపు కొన్నారు. డబ్బీని దానికి తగిలిస్తే బల్ల లేచినప్పుడు డబ్బీ కూడా దాంతోపాటే లేస్తుంది. కేకలు వేయాల్సిన అవసరం ఉండదు. జీరో గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పెట్టెలో పెట్టేశారు.

"ఇలాంటివి వస్తే మనుషులు మట్టం చూడ్డం మానేస్తారు సార్" అన్నారు పెద్ద డాక్టరుతో. "యంత్రం చూసుకుంటుందిలే అనుకుంటారు."

పెద్ద డాక్టరు ఆ మాట ఎంత మెచ్చుకున్నారంటే, తర్వాత రెండు మూడు సభల్లో తన మాటగా చెప్పుకున్నారు. క్లాంపు పెట్టెలోనే ఉండిపోయింది. యంత్రం బదులు జీరో గారు చూసుకుంటారులే అని మేమందరం మట్టం చూడ్డం మానేశాం. ఈ సంగతి ఆయనకూ తట్టలేదు, మాకూ తట్టలేదు.

ఇంట్లోనూ ఆయన తీరు అదే. వాళ్ళావిడ బట్టలు కుట్టేది. వాళ్ళ ముందుగదిలోనే కుట్టుమిషను, గోడకు గాజు బీరువా, అందులో మడత పెట్టిన బట్టలు. నేను కుట్టించుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ టేపు మెడలో వేసుకుని మొగుడి మీద చాడీలు చెప్పేది.

"నేనూ కొలతలే, ఆయనా కొలతలే. నేనైతే కుట్టులో ఒక అంగుళం వదులుతాను సిస్టరమ్మా. మనిషన్నాక రేపు ఒళ్ళు రావచ్చు, తగ్గొచ్చు. ఈయన గీత మీదే కోసే రకం. కూరలో ఉప్పెంత వేశావే అని అడుగుతారుగానీ, కూర బాగుందని మాత్రం చచ్చినా అనరు."

ఆయన లోపలి గదిలోంచి, "వినపడుతోంది" అనేవారు.

"వినపడాలనే చెబుతున్నా" అనేది ఆవిడ.

వాళ్ళది రెండో అంతస్తు. ఒక ఏడాది ఆవిడ మెట్ల మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. మొదట ఒకసారి, తర్వాత రెండుసార్లు, ఆ తర్వాత కూర్చుని లేవడం. ఏమైందే, ఒంట్లో ఎలా ఉంది అని ఎవరైనా అడుగుతారు. జీరో గారు వాచీ చూశారు. కింది మెట్టు నుంచి గుమ్మం దాకా ఆవిడకు పట్టిన సెకండ్లను మూడు నెలలు రోజూ కాగితం మీద రాసి, ఆ కాగితం తెచ్చి పెద్ద డాక్టరు చేతిలో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ కాగితం చూడగానే పెద్ద డాక్టరు మొహంలో నవ్వు పోయింది. స్కాను తీస్తే ఊపిరితిత్తుల నరాల్లో ఒత్తిడి బాగా ఎక్కువగా ఉందని తేలింది. ఎందుకు ఎక్కువైందో తేలాలంటే మా బల్ల ఎక్కాల్సిందే.

ఇక్కడ ఒక్క అంకె సంగతి చెప్పాలి. గొట్టం సందులో ఇరుక్కున్నాక కనిపించే ఒత్తిడి, గుండె ఎడమ పక్క పరిస్థితి చెబుతుంది. అది పదిహేను దాటితే జబ్బు గుండె ఎడమ పక్కది. ఒంట్లో నీరు తీసే మాత్రలు ఇవ్వాలి. పదిహేను లోపుంటే జబ్బు ఊపిరితిత్తుల నరాలదే. వాటిని వదులు చేసే మందు వేరే ఉంది. దీనికి అది ఇచ్చినా, దానికి ఇది ఇచ్చినా మనిషికి ముప్పే. ఆవిడ బతుకు ఏ దారిన పోవాలో ఆ అంకె తేల్చాలి.

ఇంట్లోవాళ్ళ కేసులో సిబ్బంది ఉండకూడదని మాకొక నియమం ఉంది. జీరో గారు ఆ నియమాన్ని గట్టిగా సమర్థించే మనిషి. అయినా ఆ రోజు పొద్దున్నే వచ్చి స్టాండు పక్కన నిలబడ్డారు.

"ఇంకెవరైనా చేస్తే ఆ అంకెను నేను నమ్మలేను సార్" అన్నారు.

"నేను మాత్రం నమ్ముతానా?" అన్నారు పెద్ద డాక్టరు. నియమం అక్కడితో సరి.

గొట్టం పెట్టడం చిన్న డాక్టరమ్మ మొదలుపెట్టింది. ఆవిడ పొట్టి, కాబట్టి బల్లను కిందికి దించాం. జీరో గారు భార్య ఛాతీ మందం కొలిచి, గీత పెట్టి, మట్టం బద్ద పెట్టి, నాలుగు నిమిషాల పూజ ఏ లోటూ లేకుండా చేశారు. తెర మీద సున్నా. గొట్టం లోపలికి వెళ్ళాక, కొలతలు మొదలవుతాయనగా పెద్ద డాక్టరు వచ్చారు. ఆయన ఆరడుగుల పైచిలుకు మనిషి.

సరిగ్గా అప్పుడే బల్ల మీదున్న ఆవిడ, ఒంటి మీద కప్పిన నీలం బట్టల కిందనుంచి, "ఏమండీ, ఉన్నారా?" అంది.

మత్తు మందు కొంచెమే ఇచ్చాం. మెలకువగానే ఉంది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ తెర ముందునుంచి కదలని మనిషి, ఆ మాటకు కదిలారు. ఆవిడ తల దగ్గరికి వెళ్ళి, వంగి, మొహంలోకి చూశారు.

"ఇక్కడే ఉన్నా" అన్నారు.

"భయమేస్తోంది."

"నాకూ" అన్నారు జీరో గారు.

ఆయన నోట ఆ మాట విని మేమందరం అటే చూస్తున్నాం. "కాస్త లేపు సిస్టర్, నడుం పట్టేస్తోంది" అన్నారు పెద్ద డాక్టరు. బల్ల మీట నొక్కింది నేనే. బల్ల లేచింది. స్టాండు ఉన్నచోటే ఉంది. ఇవాళ కేక రాలేదేమిటా అని ఒక్క క్షణం నాకు అనిపించింది కూడా. అనిపించి, ఆయన అనలేదంటే అవసరం లేదన్నమాట అనుకున్నాను. మిగతావాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు. జీరో గారు కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చి అంకెలు చదివారు. సందులో ఒత్తిడి, ఇరవై నాలుగు.

జబ్బు గుండె ఎడమ పక్కదని రాశారు. నీరు తీసే మాత్రలు మొదలయ్యాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ దిండ్లకు ఆనుకుని పడుకుని ఉంటే, జీరో గారి చూపు ఆవిడ మెడ మీద పడిందట. మా కాగితం ప్రకారం గుండె కుడి గదిలో ఒత్తిడి పదహారు. అంత ఉంటే మెడనరం తాడులా ఉబ్బి కనిపించాలి. అక్కడ ఏమీ లేదు, మెడ నున్నగా ఉంది. తర్వాత ఆయనే నాతో అన్నారు. "కళ్ళెదుట మెడ ఉంది సిస్టర్. అయినా కాగితాన్నే నమ్మాను. నేను కొలిచిన కాగితం కదా!"

రెండు వారాల్లో ఆవిడ పిడచకట్టిన నోటితో, లేస్తే కళ్ళు తిరిగి పడిపోయే స్థితికి వచ్చింది. ఆయాసం ఇసుమంత కూడా తగ్గలేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. పెద్ద డాక్టరు మాత్రల మోతాదు ఇంకొంచెం పెంచారు. అంకె అలా చెబుతోంది మరి.

ఆ పెంచిన రెండో రోజు మధ్యాహ్నం, ఎవరో పెద్దాయన కేసు నడుస్తోంది. పెద్ద డాక్టరు అలవాటుగా బల్ల లేపమన్నారు. లేపాను. "బల్ల కదిలింది! మ..." అని జీరో గారు కేక మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయారు. నోరు అలాగే తెరుచుకుని ఉంది. స్టాండు వంక చూశారు, బల్ల వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. ఆయనకు గుర్తొచ్చింది ఏమిటో నాకు తెలిసిపోయింది.

కేసు అయ్యాక తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళారు. నేను వెనకాలే ఫైళ్ళు పట్టుకుని వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మా ఆవిడ కేసులో తప్పు చేశాను సార్. మీరు బల్ల లేపాక మట్టం చూడలేదు. ఆరంగుళాల తేడా. ప్రతి అంకె మీదా పదకొండు ఎక్కువొచ్చింది. అది ఇరవై నాలుగు కాదు, పదమూడు."

పెద్ద డాక్టరు చాలాసేపు ఆయన్ని చూశారు. ఆ చూపులో ఎంత జాలి ఉందో చెప్పలేను.

"కూర్చోవయ్యా. నీ బాధ నాకు అర్థమైంది."

"బాధ కాదు సార్, తప్పు."

"నువ్వా, తప్పా? ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను నిన్ను. ఆవిడకు ఈ మాత్రలు పడట్లేదు. ఆ రెండో మందు ఇస్తే బాగుండునని నీకుంది. ఎవరికైనా ఉంటుంది. కానీ మందు కోసం అంకె మారుస్తామా? నువ్వే చెప్పు."

"నేను మార్చట్లేదు సార్. నేను..."

"నాలుగు వేల కేసులు చేశావు. ఒక్కటంటే ఒక్కటి తప్పు రాలేదు. అది మీ ఆవిడ కేసులోనే వచ్చిందా? వింటున్నవాళ్ళు నవ్వరూ?"

అదీ సంగతి. వేరే ఎవరు తప్పు చేశానన్నా వెంటనే నమ్మి, నాలుగు తిట్టి, మళ్ళీ పరీక్ష చేసేవారు. జీరో గారికి ఆ అదృష్టం లేదు. ముప్పై ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు అడ్డంగా కూర్చుంది. పైగా పెద్ద డాక్టరు ఆ నాలుగు వేల కేసుల మీదే పేపర్లు రాసి పెద్దవారయ్యారు. ఇదొక్కటి తప్పంటే మిగతావాటి మాటేమిటని ఎవరైనా అడిగితే? ఆ మాట ఆయన పైకి అనలేదు. అనాల్సిన పని లేకుండా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బల్ల లేచినప్పుడు గదిలో ఇంతమంది ఉన్నాం. నువ్వు మర్చిపోయావే అనుకో, ఎవరో ఒకరు చూసేవారు కదా?" అన్నారు.

జీరో గారు తల దించుకున్నారు. ఆయన నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే నాకు కోపం వచ్చేదేమో, తప్పించుకునేదాన్నేమో. తిరగకపోవడం వల్ల సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను చూశాను సార్" అన్నాను.

"ఏం చూశావు?"

"మీట నేనే నొక్కాను. ఆయన తల దగ్గర ఉన్నారు. మట్టం ఎవరూ సరిచేయలేదు. నాకు ఆ క్షణమే అనిపించింది."

"అనిపిస్తే ఎందుకు చెప్పలేదు?"

"జీరో గారు ఉన్నారు కదా అని."

పెద్ద డాక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని, మళ్ళీ తీసి, ఇంకోసారి తుడిచారు. ఆయనేమీ చెడ్డమనిషి కాదు. తను నమ్మిన దాన్ని వదులుకోవడానికి ఆయనకూ నాలుగు నిమిషాలు పట్టింది, అంతే. ఆ తర్వాత ఫోనెత్తి చిన్న డాక్టరమ్మను పిలిచి, మాత్రలు ఆపమన్నారు. ఆవిడ ఒంట్లోకి మళ్ళీ కాస్త నీరు పట్టనిచ్చి, వారం తర్వాత పరీక్ష మళ్ళీ చేద్దామన్నారు.

"ఈసారి నువ్వు లోపలికి రాకు" అన్నారు జీరో గారితో.

"రాను సార్" అన్నారాయన. అలమార తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు. అది ఎంత పెద్ద మాటో ఆయన్ని ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ వారం రోజులూ ఆవిడ దగ్గరికి రోజూ వెళ్ళొచ్చాను. జరిగిందంతా ఆయన ఆవిడకు చెప్పేశారు. నేనూ నా వంతు చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి చాలా తేలిగ్గా ఉంది. ఈలోపు ఏమైనా అయితే ఈ ఇంటి మెట్లు నేను మళ్ళీ ఎక్కలేననుకున్నాను.

రెండోసారి బల్ల మీద పడుకున్నప్పుడు ఆవిడ మొహం వెనకటి కన్నా చిక్కింది. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. ఛాతీ మందం నేను కొలిచాను, గీత నేను పెట్టాను, మట్టం బద్ద నేను పట్టుకున్నాను. నాకు ఆరు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఆయన ఉన్నారా?" అంది ఆవిడ.

"బయట వరండాలో ఉన్నారు. పిలవమంటారా?"

"వద్దు సిస్టరమ్మా, అక్కడే ఉండనివ్వండి. లోపలికొస్తే మళ్ళీ నా మొహం చూస్తారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "పెళ్ళయ్యాక ఒక్కసారి కళ్ళలోకి చూశారు. దానికే పదకొండు ఎక్కువొచ్చింది."

చిన్న డాక్టరమ్మ మాస్కు వెనక పకపకా నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను.

గొట్టం వెళ్ళి సందులో ఇరుక్కుంది. ఇరుక్కున్నప్పుడు ఎప్పుడూ అయ్యేట్టే తెర మీద అల చదునైంది. పదమూడు. పెద్ద డాక్టరు కాసేపు ఆ అంకెనే చూసి, "స్టాండు కదపకుండా బల్ల ఆరంగుళాలు లేపు" అన్నారు. లేపాను. గొట్టం అక్కడే ఉంది, గుండె అదే గుండె. అంకె మెల్లగా ఎక్కుతూ పోయి ఇరవై నాలుగు దగ్గర ఆగింది. "దించు" అన్నారు. దించాను. పదమూడు. పెద్ద డాక్టరు రెండో మందు పేరు తన చేత్తోనే రాశారు.

నేను చేతులు కూడా కడుక్కోకుండా వరండాలోకి పరిగెత్తాను. జీరో గారు బెంచీ కొసన కూర్చుని ఉన్నారు. చేతిలో వాచీ లేదు, కాగితం లేదు. నన్ను చూసి లేచి నిలబడ్డారు.

"ఎంత?" అన్నారు.

"పదమూడు."

"బల్ల..."

"లేపీ చూశాం, దించీ చూశాం. ఇరవై నాలుగు, పదమూడు. మందు రాసేశారు."

నా ఉద్యోగంలో తప్పు చేసి దొరికిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. గొణిగేవాళ్ళు, బుకాయించేవాళ్ళు, పక్కవాళ్ళ మీదికి తోసేవాళ్ళు. ఆయన మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. తర్వాత చేతులు తీసి, తడి మొహంతో, ఎవరో ఆయనకు బహుమానం ఇచ్చినట్టు నా వంక చూశారు.

"అయితే తప్పు నాదే కదా సిస్టర్?" అన్నారు. "ఖాయంగా నాదే కదా?"

"మీదే" అన్నాను. "సగం నాది."